షెడ్డు పక్కన రాత్రిపూట చెత్త, మల్బా పోసిపోతున్నారు: సీసీ కెమెరాలతో ఆపొచ్చా?

చర్లపల్లి షెడ్డు

నమస్తే అందరికీ. చర్లపల్లి పారిశ్రామికవాడ అంచున మాకో షెడ్డుంది. రోడ్డు వైపు నాలుగు షట్టర్లు. హార్డ్‌వేర్ షాపు, టిఫిన్ సెంటర్, ఫర్నిచర్ షాపు కిరాయికున్నయి, నాలుగోది ఖాళీ. పక్కనే మాదే కొంచెం ఖాళీ జాగా. ప్రహరీ మూడు దిక్కులే ఉంది, రోడ్డు దిక్కు తెరిచే ఉంటది.

కొన్నాళ్ల నుంచి షట్టర్లు దించినంక ఆ జాగాలో చెత్త పోసిపోతున్నరు. మొదట్లో కవర్లు, కొబ్బరి బోండాలు. తర్వాత పాత పరుపులు, పగిలిన టైల్స్, బాత్రూం కూలగొట్టిన మల్బా. ఈమధ్య కోడి వ్యర్థాల బస్తాలు కూడా మొదలైనయి. ఆ కంపుకు టిఫిన్ సెంటర్ ఆయన ఖాళీ చేస్తానంటున్నడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఈగలు ముసిరే చోట ఇడ్లీ ఎవరు తింటరు?

ఎత్తేయించడానికి జేసీబీ, ట్రాక్టర్ ఖర్చు మాదే. శుభ్రం చేసిన రెండు మూడు రోజులకే మళ్లీ కుప్ప. జాగా శుభ్రంగా ఉంచలేదని నోటీసు కూడా మాకే.

షట్టర్ల పైన గోడకు కెమెరా ఉంది. రాత్రి ఫుటేజీలో బండి ఆగుడు, ఇద్దరు దిగి బస్తాలు విసిరేసుడు కనిపిస్తది. నంబర్ ప్లేటు దగ్గర మాత్రం తెల్లటి వెలుగు ముద్ద, ఒక్క అక్షరం రాదు. ఇంకా ఎక్కువ మెగాపిక్సెల్ కెమెరా కొనాల్నా? లేక బోర్డు పెడితే భయపడి పోతరా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెన్స్ మాస్టారు

అన్నా, నేను సీసీ కెమెరాలు బిగించే పనిలో ఉన్నాను, సరుకు కోఠి గుజరాతీ గల్లీలో తెస్తాను. మీ సమస్య మెగాపిక్సెల్‌ది కాదు, లెన్సుది, కెమెరా చూసే కోణానిది.

మామూలుగా షాపులకు బిగించేది 2.8 మిల్లీమీటర్ల లెన్సు. వెడల్పు బాగా చూపిస్తుంది కాబట్టి ఓనరుకు టీవీలో రోడ్డంతా కనిపించి సంతోషమేస్తుంది. లెక్క చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. 15 మీటర్ల దూరంలో ఆ లెన్సు దాదాపు 29 మీటర్ల వెడల్పు చూస్తుంది. అంటే మీటరుకు 66 చుక్కలు. కారు, టాటా ఏస్ లాంటి బండి హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేటు పొడవు అర మీటరు. ప్లేటు మొత్తానికీ 33 చుక్కలే. పది అక్షరాలు అందులో ఎలా ఇముడుతాయి? అదే కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు పెడితే అదే దూరంలో 7 మీటర్ల లోపే చూస్తుంది, మీటరుకు 280 చుక్కల పైమాటే. మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 250 చుక్కలు కావాలని అంతర్జాతీయ ప్రమాణం (ఐఈసీ 62676-4) చెబుతుంది. నంబరు ప్లేటుకూ దాన్నే కనీసం అనుకోండి. బైకు వెనక ప్లేటు 20 సెంటీమీటర్లే కాబట్టి బైకుల మీద వచ్చేవాళ్లు కావాలంటే ఇంకా బిగించి, 4 మీటర్ల వెడల్పుకు తేవాలి.

ఇక తెల్ల ముద్ద సంగతి. హెచ్‌ఎస్‌ఆర్‌పీ ప్లేటు వెలుగును వచ్చిన దారినే తిప్పికొట్టేలా తయారవుతుంది. కెమెరాలోని ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) లైట్లు నేరుగా దాని మీద పడి అంతే జోరుగా వెనక్కొస్తాయి. పైగా రాత్రి వెలుతురు చాలక కెమెరా తన షట్టర్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అంటే ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు వెలుగు తీసుకుంటుంది. గంటకు 20 కిలోమీటర్లతో వెళ్లే బండి సెకనులో ముప్పయ్యో వంతులో 18 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అక్షరాలు అలికినట్టు వచ్చేది అందుకే. ఆటో తీసేసి షట్టర్‌ను 1/500 లేదా 1/1000కి కట్టేస్తే ప్లేటు తేటగా వస్తుంది. హెడ్‌లైటు కొట్టే చోటైతే హెచ్‌ఎల్‌సీ (మిరుమిట్లు గొలిపే వెలుగును అణిచే సెట్టింగు) ఆన్ చేయాలి. కానీ ఆ సెట్టింగుతో ప్లేటు తప్ప మిగతాదంతా చీకటి. మనిషి కనిపించడు, కుప్ప కనిపించదు.

కాబట్టి ఒక కెమెరాతో రెండు పనులూ కావు. ఒకటి జాగా మొత్తాన్ని చూడాలి. రెండోది బండి వచ్చే దారినో పోయే దారినో చూస్తూ ప్లేటు ఒక్కదాన్నే పట్టాలి. ఈ రెండోది పై అంతస్తు ఎత్తున పెట్టొద్దు. బండికీ కెమెరాకీ మధ్య కోణం 30 డిగ్రీలు దాటితే ప్లేటు వంకరైపోతుంది. రెండింటి గడియారమూ ఒకటే ఉండాలి, ఎన్‌వీఆర్‌లో (రికార్డింగ్ పెట్టెలో) ఎన్‌టీపీ, అంటే నెట్ నుంచి టైము సరిచేసుకునే సెట్టింగు, ఆన్ చేయండి. ఒకదాంట్లో 1:12కి బస్తాలు వేసి, ఇంకోదాంట్లో 1:19కి బండి పోతే అవతలివాడు "ఆ బండి నాది కాదు" అనడానికి సందు దొరుకుతుంది.

కాప్రా బొటిక్

మాస్టారూ, మేం ఉత్తి డమ్మీ కెమెరా పెట్టాం. ఎర్ర లైటు వెలుగుతుంది. అది చాలదా? మా కాంప్లెక్స్ మెట్ల కింద గుట్కా ఉమ్ములైతే తగ్గాయి.

లెన్స్ మాస్టారు

ఉమ్మేవాడు కస్టమరు, వాడికి సిగ్గుంటుంది. రాత్రి ఒంటిగంటకు ట్రాలీలో బస్తాలు తెచ్చేవాడు రోజూ ఇదే పనిలో ఉంటాడు, డమ్మీని చూడగానే పసిగడతాడు. పోసినా ఏమీ జరగలేదని ఒకసారి తెలిసిందంటే తర్వాత అసలు కెమెరా పెట్టినా లెక్కచేయడు. ఆ డబ్బు మంచి లైటు మీద పెట్టండి.

బెజవాడ ఆటోనగర్

నేను విజయవాడ ఆటోనగర్ నుంచండి. మా దగ్గర గ్రీజు గుడ్డలు, సీటు రెగ్జిన్ ముక్కలు, పగిలిన అద్దాలు, పాత బంపర్లు సందు మొదట్లో పోసిపోయేవారు. మా లైన్లో నలుగురం కలిసి ముందు లైటు వేయించాం. మనిషి కదలగానే వెలిగే సెన్సార్ ఫ్లడ్ లైటు. ఆ తర్వాతే కెమెరా. నిజం చెప్పాలంటే సగం పని లైటే చేసింది. చీకట్లో ధైర్యం చేసేవాడు మొహం మీద వెలుగు పడగానే బండి ఆపకుండా పోతాడండి.

రెండోది, జాగా శుభ్రంగా ఉన్నప్పుడే కెమెరాకు విలువ. కుప్ప ఉన్న చోట ఇంకో బస్తా వేయడానికి ఎవడికీ మనసు పీకదు. ముందు మొత్తం ఎత్తించి, నేల చదును చేసి, అప్పుడు బోర్డు పెట్టండి.

ఇంకో మాట. గోడకు దేవుళ్ల టైల్స్ అతికించాం. అవున్న చోట ఎవరూ పోయలేదు.

పొద్దున్నే ఆరింటికి

నేను శానిటేషన్ సూపర్‌వైజర్‌ని, ఏ సర్కిలో చెప్పను. దేవుడి టైల్స్ గురించి మాత్రం మాట్లాడాలి. టైల్స్ అతికించిన గోడ దగ్గర పోయరు, నిజమే. పదడుగుల అవతల పోస్తారు. అక్కడా అతికిస్తే స్తంభం దగ్గర పోస్తారు. మా పనివాళ్లు ఎత్తే చోటు మారుతుంది, చెత్త తగ్గదు. చివరికి ఆ టైల్స్ కిందే చెత్త పేరుకున్న గోడలు మా ఏరియాలో ఉన్నాయి. పొద్దున్నే చీపురు పట్టుకుని ఆ బొమ్మల ముందు కుళ్లిన చెత్త ఎత్తే ఆడవాళ్లకు ఎంత బాధగా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. దయచేసి అది చేయొద్దు. మేము ముగ్గులు వేస్తాం, మొక్కల కుండీలు పెడతాం, కొన్ని చోట్ల పని చేసింది. అక్కడ రోజూ ఒక మనిషి నిలబడి చూసుకున్న చోటే పని చేసింది.

షెడ్డు అన్న గారికి ఒక ప్రశ్న. మీ షట్టర్లవాళ్ల చెత్త ఎవరు తీసుకెళ్తారు? స్వచ్ఛ ఆటో మా దగ్గర పొద్దున ఆరున్నర, ఏడుకల్లా వస్తుంది. షాపులు పదింటికో పదకొండింటికో తెరుస్తారు. ఆటో వచ్చినప్పుడు షట్టర్ మూసి ఉంటుంది. రాత్రి మూసేటప్పుడు చేతిలో చెత్త ఉంటుంది, ఆటో ఉండదు. సిటీలో రోడ్డు మీది పెద్ద డబ్బాలు తీసేశారు. మరి ఆ కవరు ఎక్కడికి పోతుంది? పక్క ఖాళీ జాగాలోకి. మా దగ్గర జీవీపీ (పదేపదే చెత్త పడే చోటు) అని రాసుకునే పాయింట్లలో చాలావాటికి మొదటి కవరు వేసేది ఆ లైన్ షాపువాళ్లే. ఆ కవర్లు చూసి ట్రాలీవాడికి ధైర్యం వస్తుంది.

చర్లపల్లి షెడ్డు

అక్కా, ఇది నేను ఆలోచించలే. టిఫిన్ సెంటర్ ఆయన డబ్బా తీసుకుపోతనే ఉంటడు. ఫర్నిచర్ షాపు సంగతి అడుగుత.

ట్రాక్టర్ మేస్త్రి

అన్నా, నేను ఉప్పల్ దిక్కు ట్రాక్టర్లు నడిపిస్త. మా సంగతి కూడా ఎవరన్న చెప్పాలె గద.

ఇల్లు రిపేరు చేయించేటాయన ఫోన్ చేస్తడు. మల్బా ఎత్తాలె, ట్రిప్పుకు ఎంత అంటడు. నేను ఒక రేటు చెప్త. ఇంకొకడు నాకంటే ఐదొందలు తక్కువ చెప్తడు, పని వానికి పోతది. ఎక్కడ పోస్తవ్ అని ఒక్క ఓనర్ అడగడు. ఇంటి ముందరికెళ్లి పోతే చాలు. వాడు తక్కువకు ఎట్ల చేస్తడు? ఫతుల్లగూడల మల్బా ప్లాంటున్నది, జీడిమెట్లల ఉన్నది. ఆడికి పోవాలంటే డీజిలు, ట్రాఫిక్, కాంటా కాడ లైను, టన్ను లెక్కన పైసలు. వాడు అవన్ని మిగిలించుకుని దారిల కనిపించిన ఖాళీ జాగల ఎత్తేస్తడు. హైడ్రాలిక్ ట్రాలీ లేపుతే రెండు నిమిషాల పని.

డ్రైవర్‌ను పట్టుకుని కొట్టుడు, బండి తాళాలు గుంజుకునుడు చేస్తరు. డ్రైవర్ దినం కూలికి వచ్చినోడు. ప్లాంటుల పోసినంక కాంటా చిట్టీ ఇస్తరు, అండ్ల బండి నంబర్, బరువు, తారీఖు ఉంటది. ఆ చిట్టీ చూపిస్తెనే బాకీ పైసలు ఇస్త అని ఇంటాయన ముందే చెప్తే ఈ తమాషా సగం బంద్ అయితది. మంచిగ పని చేసే మాకు కూడ రేటు దొరుకుతది.

లెస్టర్ నుంచి

మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంగ్లండ్‌లో చిన్న గిడ్డంగి నడుపుతున్నాను. ఇక్కడ దీన్ని ఫ్లై టిప్పింగ్ అంటారు. 2023 జూలై నుంచి పోసినవాడికి అక్కడికక్కడ వెయ్యి పౌండ్ల వరకు జరిమానా వేసే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చారు. అంతకంటే ముఖ్యం, తన చెత్తను లైసెన్సు లేనివాడికి అప్పగించిన ఇంటివాడికి కూడా 600 పౌండ్ల వరకు వేయొచ్చు. అందుకే ఇక్కడ ఎవరైనా సామాను ఎత్తించేటప్పుడు ముందు లైసెన్సు నంబరు అడుగుతారు. ప్రైవేటు స్థలంలో పోస్తే మాత్రం ఎత్తించే ఖర్చు ఇక్కడా స్థలం యజమానిదే. ఆ బాధ మీది నాది ఒకటే.

నల్లకోటు

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

చాలామంది నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ప్రజా ఉపద్రవం కేసు పెట్టమంటారు. భారతీయ న్యాయ సంహిత 292 కింద దానికి గరిష్ఠ శిక్ష వెయ్యి రూపాయల జరిమానా. దాంతో ఎవరూ బెదరరు. మీ ప్రహరీ లోపలికి వచ్చి పోశారంటే అక్రమ ప్రవేశం, సెక్షన్ 329 కిందికి రావచ్చు. కోడి వ్యర్థాలు, ఆసుపత్రి వ్యర్థాలు లాంటివైతే రోగాలు వ్యాపించేలా నిర్లక్ష్యంగా వ్యవహరించడం, సెక్షన్ 271, ఆరు నెలల వరకు శిక్ష ఉంది. ఏ సెక్షన్ వర్తిస్తుందో పోసిన వస్తువును బట్టి, పోసిన చోటును బట్టి ఉంటుంది. అందుకే ఫిర్యాదులో "చెత్త" అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు. ఏం పోశారు, సుమారు ఎంత, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బండిలో అన్నది రాయండి.

కానీ త్వరగా ఫలితం వచ్చేది మున్సిపల్ చలానాతో. దానికి ముందు మీది ఎవరి పరిధో తేల్చుకోండి. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్ లాంటి పారిశ్రామికవాడల లోపల మున్సిపల్ పనులు టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) కింద ఉండే ఐలా (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) చూస్తుంది. వాడ గేటు బయటి రోడ్డు కార్పొరేషన్‌ది. మీది అంచున ఉందన్నారు కాబట్టి ఇద్దరూ "మాది కాదు" అనే ప్రమాదం ఉంది. ఫిర్యాదు ఇద్దరికీ ఇవ్వండి, రశీదు తీసుకోండి.

ఫుటేజీ కోర్టు దాకా వెళ్లే పరిస్థితి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 గుర్తుపెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, పాత చట్టంలోని 65బి స్థానంలో వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇస్తే దాంతోపాటు ధ్రువపత్రం ఉండాలి. అందులో ఎ భాగం రికార్డు మీ చేతిలో ఉన్నందుకు మీరు ఇచ్చేది, బి భాగం నిపుణుడు ఇచ్చేది. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అసలు పరికరం తెచ్చి చూపించకుండా కాపీ చూపిస్తే ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో పాత 65బి గురించి చెప్పింది. ఇదంతా చూసి భయపడక్కర్లేదు. చేయాల్సింది ఒకటే: ఘటన జరిగిన రోజే ఎన్‌వీఆర్ నుంచి అసలు ఫైలును ఎక్స్‌పోర్ట్ చేసి, హాష్ తీయించి, ముట్టుకోకుండా ఉంచండి. ఫోనుతో టీవీ స్క్రీనును వీడియో తీసి వాట్సాప్‌లో పంపినదాన్ని కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం.

కాప్రా బొటిక్

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. మా కాలనీ గ్రూపులో చెత్త వేసినవాళ్ల వీడియో పెట్టి మొహాలు చూపిస్తారు. బెంగళూరులో 2025లో రోడ్డు మీద చెత్త వేసినవాళ్లను కనిపెట్టి ఆ చెత్తనే వాళ్ల ఇంటి ముందు పోసి జరిమానా వేశారు కదా. మనమూ అలా చేస్తే తప్పేంటి? మర్యాదగా చెబితే వినేవాళ్లు కాదు వీళ్లు.

నల్లకోటు

అక్కడ చేసింది చెత్త నిర్వహణ చూసే ప్రభుత్వ సంస్థ. దానిమీదా వాదోపవాదాలు నడిచాయి. మనం ప్రైవేటు వ్యక్తులం. మసక వీడియోలో ఒకరిని చూసి ఇంకొకరనుకుని గ్రూపులో పెడితే పరువునష్టం మన మెడకు చుట్టుకుంటుంది. ఫుటేజీ అధికారికి ఇవ్వండి, గ్రూపుకు కాదు. కెమెరా కూడా మీ జాగా, మీ ముందున్న రోడ్డు వరకే చూడాలి. ఎదురింటి బాల్కనీ, పక్కవాళ్ల కిటికీ ఫ్రేములోకి వస్తే ప్రైవసీ మాస్క్ పెట్టించండి.

పొద్దున్నే ఆరింటికి

నేనూ అదే అంటాను. ఇంకో సంగతి. రాత్రి మూడింటికి కుప్ప దగ్గర కనిపించే మనిషి చాలాసార్లు పోసేవాడు కాదు, ఏరుకునేవాడు. సీసాలు, అట్టలు, ఇనుప ముక్కలు ఏరుకుని బతికే వాళ్లు. మా దగ్గర ఒక షాపు ఆయన అలాంటి ఆమె వీడియోనే తెచ్చి దొంగ దొరికిందన్నాడు. వీడియో ఇంకాస్త వెనక్కి తిప్పితే ట్రాలీ ఆటో కనిపించింది. బస్తా దింపిన క్షణం చూడకుండా ఎవరి మీదా చెయ్యెత్తొద్దు.

బెజవాడ ఆటోనగర్

అక్క గారు, టైల్స్ మాట మీరు చెప్పాక మా లైన్లో వాళ్లతో మాట్లాడానండి. నలుగురిలో ఒకాయన ఒప్పుకోలేదు, "పని చేస్తుందిగా" అంటున్నాడు. మాకు పోసిన చోటు పక్క లైనుకి జరిగిందన్నది మాత్రం వాస్తవమే. వాళ్లనూ కలుపుకుని రెండు లైన్ల మొదట్లోనూ కెమెరాలు పెట్టాలని మాట్లాడుకుంటున్నాం.

చర్లపల్లి షెడ్డు

కొన్ని వారాల తర్వాత వస్తున్న, ఏం జరిగిందో చెప్త.

మొత్తం ఎత్తించి, రోడ్డు దిక్కు జాలీ, గొలుసు కట్టినం. సెన్సార్ లైటు పెట్టినం. మాస్టారు చెప్పినట్టు రెండో కెమెరా 12 ఎంఎం లెన్సుతోటి, షెడ్డు మూలన తల ఎత్తు కంటె కొంచెం పైన, బండ్లు పోయే దారి దిక్కు తిప్పి పెట్టినం. కెమెరా షట్టర్ వేగం 1/500. తెలుగు, హిందీ రెండింట్ల బోర్డు పెట్టినం: "ఇక్కడ చెత్త పోసిన బండి నంబరు రికార్డవుతుంది, ఫిర్యాదు అదే రోజు వెళ్తుంది." "మీరు కెమెరా నిఘాలో ఉన్నారు" బోర్డు ఊరంతా ఉంది, దాన్ని ఎవ్వరు చదవరు. బండి నంబరు అన్న మాట చూసి ఆగుతున్నరు.

మొదటి వారంలనే ఒక ట్రాలీ ఆటో పడ్డది. పసుపు ప్లేటు, నల్ల అక్షరాలు, ప్రతి అక్షరం చదవొచ్చు. ఎంపరివాహన్ యాప్‌ల కొడితే ఓనర్ పేరు సగం చుక్కలతోనే చూపించింది కని, బండి రకం, మోడల్ మాత్రం కెమెరాల ఉన్నదానితోటి సరిపోయినయి. ప్లేటు మార్చిన బండి కాదని అట్ల తేలింది. రెండు ఆఫీసులల్ల ఫిర్యాదు ఇచ్చినం. చలానా పడ్డది, అదే బండిని పంపించి ఎత్తించుకపోయిన్రు.

ఇంకో సంగతి, పొద్దున్నే అక్క చెప్పిందే నిజమైంది. ఫర్నిచర్ షాపు పిల్లగాండ్లు షాపు మూసేటప్పుడు ఫోమ్ ముక్కలు, సన్మైకా తునకలు, థర్మకోల్ అన్ని మా జాగా మూలల పడేస్తున్నరు. షాపు ఆయనకు చూపించిన. ఆయనకే తెల్వదట. గొడవ పడలే. కిరాయి అగ్రిమెంట్ రెన్యువల్ల చెత్త ఎవరు, ఎట్ల పంపాలె అని ఒక షరతు రాసుకుంటున్నం.

కోడి వ్యర్థాలు మాత్రం ఒక్కసారి మళ్ల వచ్చినయి. బైకు మీద ఇద్దరు, ప్లేటు వంచేసి ఉంది. దానికి ఏం చేయాల్నో అర్థమైతలేదు.

పొద్దున్నే ఆరింటికి

చాలా సంతోషం అన్నా. కోడి వ్యర్థాలకు బండి కంటే షాపును వెతకండి. అంత మోత బైకు మీద దూరం తీసుకురారు, చుట్టుపక్కల చికెన్ షాపుల్లో ఒకటై ఉంటుంది. చికెన్ షాపుల వ్యర్థాలు ఏజెన్సీ బండి తీసుకెళ్లి రెండరింగ్ ప్లాంటుకు చేర్చాలి, అక్కడ ఉడికించి పొడి, నూనె తీస్తారు. ఏజెన్సీ బండి రాని రోజు, లేదా వాళ్లకు డబ్బు కట్టడం ఇష్టం లేని షాపు ఇలా బస్తా కట్టి పంపిస్తుంది. ఆదివారం రాత్రి, సోమవారం తెల్లవారుజామున చూడండి, ఆదివారం అమ్మకం ఎక్కువ కదా. మీ ఫుటేజీలో రోజు, టైము చూసి మా వెటర్నరీ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు ఆ లైన్లో షాపులన్నీ చూసి, వ్యర్థాలు ఎవరికి ఇస్తున్నారో అడుగుతారు.

లెన్స్ మాస్టారు

ప్లేటు వంచిన బైకులకు కెమెరాతో పూర్తి జవాబు లేదన్నా. కానీ మనిషి కాస్త దగ్గరకొస్తే మొహం, చొక్కా, బైకు స్టిక్కర్లు జాగా చూసే కెమెరాలో పడతాయి. కుప్ప పడే చోటుకు దగ్గర్లో స్పీకర్ ఉన్న కెమెరా ఒకటి పెట్టొచ్చు. కెమెరా సెట్టింగులో మీరు గీసిన గీత దాటగానే లైటు వెలిగి, మీరే రికార్డు చేసిన మాట గట్టిగా వినిపిస్తుంది. కంపెనీ ఇచ్చే ఇంగ్లీషు గొంతు తీసేసి మన భాషలో పెట్టుకోండి. పిల్లులకు, కుక్కలకు మోగకుండా మనిషి, బండి రెండింటికే మోగేలా సెట్ చేయొచ్చు. లేకపోతే పక్కవాళ్లకు నిద్ర ఉండదు.

బిగించి వదిలేయకుండా చూసుకోవాల్సినవి కూడా చెబుతాను. రాత్రి కెమెరా చుట్టూ పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలెపురుగు వస్తుంది. లెన్సు ముందు ఒక్క దారం అల్లినా రాత్రి ఐఆర్ వెలుగులో అది దీపంలా మెరిసి ఫ్రేమంతా తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. పొద్దున చూస్తే దారం కంటికే కనిపించదు. కాబట్టి కెమెరా పాడైందనుకుని మార్చేసేవాళ్లున్నారు. వారానికోసారి పొడి బ్రష్‌తో దులపండి. వానాకాలంలో జంక్షన్ బాక్సులో నీళ్లు చేరతాయి, కేబుల్ కింది వైపు నుంచి బాక్సులోకి ఎక్కేలా వంపు ఇవ్వండి. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే మధ్యలో స్విచ్ కావాలి. కరెంటు పోయిన రాత్రే ఎక్కువ పోస్తారు, ఎన్‌వీఆర్‌కు, కెమెరాలకు కేబుల్ ద్వారా కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి.

రికార్డింగ్ ఎన్ని రోజులుండాలని చాలామంది అడుగుతారు. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్‌తో ఆగకుండా రాస్తే రోజుకు 43 జీబీ, ముప్పై రోజులకు దాదాపు 1.3 టీబీ. ప్లేటు కెమెరాకు ఆ నాణ్యత తగ్గించొద్దు. జాగా చూసే కెమెరాలు హెచ్.265 (వీడియోను బాగా కుదించే పద్ధతి)లో 2 ఎంబీపీఎస్‌తో నడిపినా సరిపోతాయి. మీకు 4 టీబీ డిస్కు హాయిగా చాలు. కొత్తది కొనేటప్పుడు ధ్రువీకరణ చూడండి, 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ ఆరోజే మార్చేయండి. ఎన్‌వీఆర్‌ను కౌంటర్ కింద కాకుండా తాళం వేసే ఇనుప డబ్బాలో పెట్టండి.

నల్లకోటు

ముప్పై రోజుల మాట వచ్చింది కాబట్టి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, ముప్పై రోజుల రికార్డింగ్ ఉంచాలి. మీ నాలుగు షట్టర్లకు అది వర్తించకపోవచ్చు, కానీ టిఫిన్ సెంటర్‌కు గిరాకీ ఎంతో చూసుకోండి. వర్తించకపోయినా ముప్పై రోజులు పెట్టుకోవడం మేలు. అధికారి ఫిర్యాదు తెరిచి ఫుటేజీ అడిగేసరికి రెండు మూడు వారాలు గడిచిపోవడం మామూలే.

ట్రాక్టర్ మేస్త్రి

షెడ్డు అన్నా, మీ దిక్కు ఎవరన్న ఇల్లు కడ్తుంటే, కూలగొడ్తుంటే ఆ ఓనర్‌ను ముందే కలువు. బోర్డు కంటె అది మంచిది. నేను మా గిరాకీలకు కాంటా చిట్టీ వాట్సాప్ చేస్తున్న ఇప్పుడు, వాళ్లు అడగకున్నా.

చర్లపల్లి షెడ్డు

మంచి పని మేస్త్రి. నీ తీరుగ చేసేటోళ్లు మా దిక్కు ఉంటే చెప్పు.

చివరిగ ఒక డౌటు మాస్టారూ. రోడ్డు మలుపు కాడ కరెంటు స్తంభం ఉంది. ప్లేటు కెమెరాకు అంతకంటె మంచి జాగా లేదు. దానికి కట్టొచ్చా?

లెన్స్ మాస్టారు

కట్టొద్దన్నా. అది డిస్కం స్తంభం. అనుమతి లేకుండా కడితే లైన్‌మెన్ కోసి కింద పడేస్తాడు. పైగా మీ కేబుల్ లైన్ల పక్కన వేలాడితే ప్రాణం మీదికొస్తుంది. మీ హద్దు లోపలే మూలన మూడు మీటర్ల జీఐ పైపు పాతి, కింద కాంక్రీటు వేసి, పైపు లోపలి నుంచే కేబుల్ తీసుకోండి. మలుపు కాడికి దూరం పెరుగుతుంది కాబట్టి 12 ఎంఎం బదులు జూమ్ మార్చుకునే మోటరైజ్డ్ లెన్సు తీసుకుంటే అక్కడి నుంచే ప్లేటు అందుతుంది. హద్దు నుంచి మలుపుకు ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి ఇక్కడ పెట్టండి, ఏ లెన్సు కావాలో లెక్క కట్టి చెబుతాను.